నుదురు దగ్గర ఆగిపోయిన ఫోటో

మొన్న శుక్రవారం మధ్యాహ్నం ఫోను మోగింది. తెలియని ఇండియా నంబరు, ఏ లోన్లు అమ్మేవాళ్ళో అనుకుని ముందు ఎత్తలేదు. వదలకుండా మళ్ళీ మోగితే విసుక్కుంటూ ఎత్తాను. అవతల ఉన్నది, చాలా ఏళ్ళ కిందట కువైట్‌లోని హవల్లీలో మేమున్న ఈ బిల్డింగులోనే, మా పై అంతస్తు అరబ్బుల ఇంట్లో పనిచేస్తూ నన్ను నోరారా అక్కా అని పిలిచిన రాయచోటి చెల్లెలు. కూతురు జ్వరంతో పోయి నెల కాలేదని చెప్పింది. ఏడవలేదు, ఏడ్చి ఏడ్చి ఎండిపోయిన గొంతు అది. పెళ్ళినాటి ఫోటోలు ఫోను నిండా ఉన్నాయట గానీ, చిన్నప్పటివి ఒక్కటీ లేవట.

"దాని చిన్నతనమంతా నీ కంప్యూటర్లోనే గదా అక్కా నేను చూసింది. అవి ఉండాయేమో రోంత చూడు," అంది.

మా తరంవాళ్ళకు చెప్పనక్కర్లేదు, ఆ రోజుల్లో మెయిలు చూడడమంటే పెద్ద తతంగం. బకాలాలో, అంటే వీధి చివరి కిరాణా కొట్లో, ఇంటర్నెట్ కార్డు కొని, గీకి, అంకెలు కొట్టి, టెలిఫోను లైను కీచుకీచుమని అరిచి కలిసేదాకా కంప్యూటరు ముందు కూర్చోవాలి. లైను తెగిందంటే కథ మళ్ళీ మొదటికే. దజీజ్‌లో ఉన్న మా ఆఫీసులో పొద్దంతా టైపు కొట్టింది చాలక ఇంట్లో కూడానా అని మావారు ఎగతాళి చేసేవారు. ఆ చెల్లెలు పసిపిల్లను తల్లి దగ్గర వదిలి కువైట్ విమానం ఎక్కిన మనిషి. ఊళ్ళో ఉన్న ఆమె తమ్ముడు ఎవరి దగ్గరో కెమెరా అడిగి తెచ్చి, పిల్లను ఫోటో తీసి, నెట్ సెంటరుకు వెళ్ళి నా మెయిలుకు పంపేవాడు. చెత్త సంచీ పారేయడానికి కిందికి దిగే ఆ కాస్త వ్యవధిలోనే ఆమె మా ఇంట్లోకి వచ్చి చూసుకుని వెళ్ళాలి.

మొదటిసారి అతను ఫోటోను ఉత్తరానికి జతచేసి పంపాడు, పక్కన పేపరు క్లిప్పు బొమ్మ కనబడేలా. సంచీ గుమ్మం బయట పెట్టి, చేతులు తుడుచుకుని, కుర్చీ వేసినా కూర్చోకుండా నా వెనకే నిలబడింది. ఫోటో పైనుంచి కిందికి గీతలు గీతలుగా దిగుతోంది. ముందు సున్నం గోడ, తరవాత పాపిట, ఎర్ర రిబ్బను, నుదుటి మీద చుక్క బొట్టు. కనుబొమల దగ్గరికి వచ్చేసరికి పైనుంచి మామా, ఆ ఇంటి యజమానురాలు, యల్లా యల్లా, త్వరగా రా, అని కేక వేసింది. గుమ్మం దాటేదాకా వెనక్కి తిరిగి తెర వంక చూస్తూనే వెళ్ళి ఆమె మెట్లెక్కింది. కాసేపటికి లైనూ తెగింది.

ఆమెకు ఎదురుచూసే తీరిక లేదని తమ్ముడికి రాశాను. చురుకైనవాడు, మరో దారి వెతికాడు. ఫోటోలను చిన్నవి చేసి, ఊరికే చోటిచ్చే ఏదో వెబ్‌సైటులో పెట్టి, ఉత్తరం మధ్యలోనే కనబడేట్టు చేశాడు. తెరిస్తే చాలు, వాక్యానికీ వాక్యానికీ నడుమ పిల్ల నిలబడి ఉండేది. ఆమె తృప్తిగా చూసుకుని పరుగున పైకి వెళ్ళేది. ఆ సంబరంలో క్లిప్పు ఉన్న మొదటి మెయిలు సంగతే అందరం మరిచిపోయాం.

పాత పచ్చడి జాడీలు కూడా పారేయని మనిషినని మావారు నన్ను దెప్పుతుంటారు, మెయిళ్ళు మాత్రం పారేస్తానా? ధైర్యంగానే తెరిచాను. ఉత్తరాలన్నీ ఉన్నాయి. ఫోటోలుండాల్సిన చోట ఖాళీ గళ్ళున్నాయి. బొమ్మలు చూపించమంటారా అని కంప్యూటరు అడిగితే చూపించమని నొక్కాను, అయినా గళ్ళే. దింపుడు కల్లం ఆశతో మావారిని పిలిచాను. ఆ ఫోటోలు మన మెయిలు పెట్టెలోకి ఎప్పుడూ రానేలేదని, ఉత్తరం తెరిచినప్పుడల్లా ఆ వెబ్‌సైటు నుంచి వచ్చి కనబడేవని, అది మూతపడి ఏళ్ళు గడిచాయని ఆయన మెల్లగా చెప్పారు. గళ్ళ కింద తమ్ముడి మాటలు అలాగే ఉన్నాయి. బడికి పోయిన మొదటి రోజు. పన్ను ఊడింది, చూడు. చూద్దామంటే ఏముంది అక్కడ? నాకు దుఃఖం ఆగలేదు.

చివరికి అట్టడుగున ఆ మొదటి మెయిలు దొరికింది, పేపరు క్లిప్పుతో సహా. నొక్కీ నొక్కకముందే ఫోటో మొత్తం తెరుచుకుంది. రిబ్బను, బొట్టు, దాని కింద తల్లి కళ్ళే పెట్టుకు పుట్టిన కళ్ళు. వాట్సాప్‌లో పంపి, ఫోను చేసి, మిగతావి పోయాయని ఎలాగో చెప్పాను.  ఆమె, పన్ను ఊడిన ఫోటోలో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఉంటుందని, బడి ఫోటోలో ఒక కాలికే చెప్పు ఉంటుందని, ఒక్కొక్కటే తనే నాకు చెప్పుకుంటూ పోయింది.

ఇప్పుడు నా ఫోనులోకి రోజూ ఎన్ని ఫోటోలు వచ్చి పడతాయో లెక్కలేదు. ఒక్కదాని కోసమూ ఎదురుచూడను, వచ్చినవాటిలో సగం తెరవను కూడా. ఒక నుదురు కనబడితే కళ్ళ కోసం ఊపిరి బిగబట్టి నిలబడిన మనిషిని మళ్ళీ చూడలేదు. ఆ రోజు ఫోను పెట్టేసే ముందు ఆమె అంది:

"ఆ పొద్దు నుదురు కాడనే నిలిచిపాయ గదక్కా. ఇంగ పైనుంచి నన్నెవరూ పిలవరులే. నిదానంగా చూసుకుంటా."