వంకర జేబు

కళ్లజోళ్లావిడ ముందుకు వంగినప్పుడల్లా ఎడమచెయ్యి దానంతటదే తెల్లకోటు జేబు మీదికి పోతుంది. ఏడాది కిందట కొట్టు తెరవబోతూ కుట్టించుకున్న కోటది. జేబు ఓ పక్కకి ఒరిగిపోయింది మరి, పట్టుకోకపోతే పెన్ను జారి కింద పడుతుంది. పెద్ద షాపులో ఉద్యోగం మానేసి, మామూలు అద్దాలతో చూపు ఆననివాళ్ల కోసమే ఈ ఇరుకు గదిలో కొట్టు పెట్టింది. గోడమీది అక్షరాలు చదివించి ఊరుకోదు. "మీకేం చూడాలనుందో అదే పట్టుకురండి" అంటుంది. ఒకరు మందుసీసా తెస్తారు, ఇంకొకరు మనవరాలి ఫొటో. అది కంటికి ఆనేదాకా అద్దం మీద అద్దం మారుస్తూనే ఉంటుంది. ఆవిడ విసుక్కోగా చూసినవాళ్లు లేరు.

ఆ రోజు వీధి చివర టైలరు తాత సూదీ దారం తెచ్చాడు. రెండేళ్లుగా తడుముకుంటూ కుడుతున్న సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. "ఇవాళ కూడా దారం ఎక్కకపోతే మిషను అమ్మేస్తానమ్మా" అన్నాడు. ఆరో అద్దానికి దారం ఒక్కసారికే బెజ్జంలో దూరింది. తాత తలెత్తి గదంతా కలయజూసి, ఆవిడ దగ్గర ఆగిపోయాడు.

"ఏ చేతకానివాడు కుట్టాడమ్మా ఆ జేబు?"

ఆవిడ చెయ్యి చటుక్కున జేబు మీదికి పోయింది. "ఎవరోలే తాతా. పెన్ను బాగానే నిలుస్తుంది."

తాత లేచి వచ్చి, ఆ చెయ్యి పక్కకి జరిపి, జేబు మూల తిరగేసి చూశాడు. మూడు చుట్ల ముడి. అది తను వేసేదే. దారం ఎక్కించిన సూది ఇంకా చేతిలోనే ఉంది.

"ఆ కోటు ఇలా ఇవ్వమ్మా" అన్నాడు.