తెలియనిది వదిలెయ్యమన్నాను

ఇన్నేళ్లూ ఈ మాట గొంతుదాకా వచ్చి ఆగిపోయేది. అమ్మకు చెప్పలేదు. ఎవరికని చెప్పను? మీరెవరో నాకు తెలియదు, అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. నా వల్ల ఒక పిల్ల చదువు ఆగిపోయింది. పొరపాటున కాదు. తెలిసే చేశాను.

ఆ పిల్ల పేరు రజియా. ఊరు చిట్యాల. వాళ్ల నాయిన హైవే పక్కన పంచర్లు వేసేవాడు. నల్గొండలో ఇంటర్ బైపీసీ, ఇద్దరిదీ ఒకే బెంచీ. రజియా పుస్తకం మొత్తం చదివేది, అర్థమయ్యేదాకా వదిలేది కాదు. నాకంత ఓపిక ఎక్కడిది? పాత పేపర్లు ముందేసుకుని, ఏ పాఠం నుంచి ఎక్కువ ప్రశ్నలు వస్తాయో చూసి అవే చదివేదాన్ని. ఫిజిక్స్‌లో సగం ముట్టనే లేదు. ఎంసెట్‌లో తప్పు రాస్తే మార్కులు కోయరు. రాని వాటన్నిటికీ ఏదో ఒక ఆప్షన్ నొక్కేస్తే కొన్నైనా తగులుతాయి. అదీ నా లెక్క.

ఇద్దరికీ కావలసింది ఒకటే, అగ్రికల్చర్ బీఎస్సీ సీటు. ఈసారి వస్తే చదువు, రాకుంటే బంద్ అని వాళ్ల నాయిన ముందే చెప్పేశాడు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా, ఛీ.

మా కాలేజీలో పరీక్షలన్నీ నీట్ పద్ధతిలో పెట్టి, తప్పు రాస్తే మార్కులు కోసేవారు. అందుకే రజియాకు అనుమానం వచ్చింది. ఎంసెట్‌కు ముందు, నల్గొండ బస్టాండులో మిర్చీలు తింటూ అడిగింది.

"ఏమే, ఎంసెట్ల గూడ మైనస్ మార్కులుంటయా?"

"ఉంటయి. తెల్వనిది ముట్టకు, ఇడిసిపెట్టు."

"నువ్వు చెప్పినంక ఇంక ఫికరేంది," అని నవ్వి, తన మిర్చీ సగం తుంచి నాకిచ్చింది. తిన్నాను కూడా.

ఎందుకన్నానా మాట? అడిగే క్షణం దాకా ఆ ఆలోచనే లేదు నాకు. కాలేజీ టెస్టుల్లో ఎప్పుడూ తనకే ఎక్కువ వచ్చేవి, ఈ కిటుకు కూడా చేతిలో పెడితే ఇక నాకేం మిగులుతుందని భయపడ్డానేమో. కంప్యూటర్ మీద రూల్స్ చూపిస్తారు కదా, చదువుకోవద్దా అని ఇన్నేళ్లూ నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నా మాట ఉండగా ఆ పిల్ల రూల్స్ ఎందుకు చదువుతుంది?

నాకు సీటొచ్చింది. రజియాకు రాలేదు. "నీ మాటిన్నందుకు గీ మాత్రమన్న వచ్చిందే," అని నన్నే మెచ్చుకుంది. చదువు మానేసి మెడికల్ షాపులో పనికి కుదిరింది. నేను ఉద్యోగం తెచ్చుకుని కొల్లాపూర్‌లో కిరాయి గదిలో ఒక్కదాన్నే ఉంటున్నాను. తన ఫోన్లు ఎత్తడం మానేశాను. కొత్తగా ఎవరైనా దగ్గరైతే భయం, వీళ్లనేం చేస్తానో అని. కొన్ని ఆదివారాలు పొద్దుటినుంచీ ఒక్క మాటైనా మాట్లాడలేదని సాయంత్రానికి గుర్తొస్తుంది.

మొన్న ఏదో కొత్త నంబరని ఎత్తాను. రజియా.

"మా చెల్లె గీసారి ఎంసెట్ రాస్తాంది. వాళ్ల సారేమో మైనస్ మార్కులు లేవంటాండట. గట్లెట్లుంటదే? నేను చెప్తే ఇంటలేదు. నువ్వే జర చెప్పు దానికి."

రూల్ మారిందని చెప్పొచ్చు. ఆ అబద్ధం నోట్లో తయారుగా ఉంది. చెబితే ఇద్దరూ నమ్ముతారు, చెల్లెలు అన్నీ రాస్తుంది, ఎవరికీ ఏ నష్టమూ లేదు.

"మైనస్ మార్కులు ఎన్నడూ లేవు రజియా. నాకప్పుడే ఎరుక."

అవతల షాపులో ఎవరో జ్వరం గోలీలు అడుగుతున్నారు. మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. ఫోన్ కట్టయింది.

తిట్టినా బాగుండేది. రజియా మళ్లీ ఫోన్ చేయలేదు, చేస్తుందని నేను అనుకోవడమూ లేదు. క్షమించమని అడగడానికి నాకు మొహం చెల్లలేదు. ఇప్పటికీ ఒంటరిగానే ఉన్నాను. కానీ నేనెలాంటిదాన్నో తెలిసిన మనిషి ఈ లోకంలో ఇప్పుడు ఒకరున్నారు.