తిండి కనిపించే డబ్బా

కరోనా తర్వాత ఆఫీసులు మళ్ళీ నిండిన ఏడాది, వానాకాలం మొదట్లో నన్ను హైటెక్ సిటీలోని ఒక ఐటీ భవనంలో క్యాంటీన్ అంతస్తుకు హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్‌గా వేశారు. అంతకుముందు అదే భవనంలో వేరే అంతస్తుల్లో హెల్పర్‌గా చీపురు పట్టాను, తర్వాత టీమ్ లీడర్‌నయ్యాను. చదివింది మూడో తరగతి. సూపర్‌వైజర్ అంటే కుర్చీలో కూర్చునే కొలువు అనుకుంటారు. బాత్రూములకు వాడే గుడ్డ బల్లల మీదకు రాకుండా చూడటం దగ్గర్నుంచి అన్నీ మన మెడకే. మా పైన ఫెసిలిటీ మేనేజర్, అంటే భవనంలో శుభ్రత, నీళ్ళు, కరెంటు అన్నీ చూసే ఆయన. ఆయన గేట్ పాస్ ఆపితే ఆ మనిషి ఉద్యోగం పోయినట్టే.

ఆ అంతస్తులో నాకు మొదట దిమ్మ తిరిగింది తిండి పారేయడం చూసి. మా ఇంట్లో రాత్రి మిగిలిన అన్నం పొద్దున పోపు వేసుకుని తింటాం, గంజి కూడా పారబోయం. ఇక్కడ చెయ్యి తగలని చపాతీలు, నిండు గిన్నె పెరుగు, ముద్దలకు ముద్దలు బిర్యానీ నల్ల కవరున్న డబ్బాలో పడిపోయేవి. ఎవరి కళ్ళకూ ఆనేది కాదు, మూట కట్టి ఎత్తే మాకు తప్ప.

ఆ రోజుల్లోనే బాచుపల్లి నుంచి ఇంజనీరింగ్ పిల్లలు కొందరు వచ్చారు. జనానికి రోజూ పనికొచ్చే వస్తువు ఒకటి తయారుచేయాలని వాళ్ళ చదువులో ప్రాజెక్టు ఉందట. వాళ్ళలో ముందుండి మాట్లాడేది సుష్మ. కాకినాడ వైపు వాళ్ళు, నా మనవరాలి వయసు. పళ్ళేలు తిరిగిచ్చే చోట నిలబడి చూసి చూసి అంది: "అమ్మమ్మగారూ, నల్ల కవర్లో ఏం పడుతోందో కనపడట్లేదు కదండీ. కనపడితే పారేయడానికి సిగ్గుపడతారండి."

"సిగ్గున్నోళ్ళయితె ముందుగాల గంత పెట్టించుకుంటరా బిడ్డా?" అన్నాను. కానీ ఆ మాట నాకు నచ్చింది.

వాళ్ళు అద్దంలా లోపల అంతా కనిపించే ప్లాస్టిక్ డబ్బా చేసి తెచ్చారు. దాని కింద తూకం, పైన బరువు చూపించే ఎర్ర అంకెలు. పెట్టిన రోజే ఒకాయన దాని ముందు పళ్ళెం పట్టుకుని ఆగి, నిలబడే రెండు ముద్దలు తిన్నాడు. వారం తిరిగేసరికి డబ్బా అడుగు కనిపించసాగింది. మేనేజర్ ఫోటోలు తీసి పైవాళ్ళకు పంపాడు. కాలేజీ సార్లు, కంపెనీ పెద్దలు వచ్చి చూసే రోజు ఖాయం చేశారు. ఆ రోజే పిల్లలకు మార్కులు.

దానికి రెండు రోజుల ముందు మేనేజర్ నన్ను ఆడవాళ్ళ బాత్రూము దగ్గరికి పిలిచాడు. బొద్దింకలు తిరుగుతున్నాయని ఎవరో ఫిర్యాదు చేశారట. చెత్తబుట్టలో టిష్యూ కాగితంలో చుట్టిన పులిహోర, కోడికూర. మావాళ్ళు కింద సెల్లార్ గదిలో తప్ప ఇంకెక్కడా తినకూడదని నిబంధన. ఆ బాత్రూము డ్యూటీ యాదమ్మది. కొత్తగూడలో కిరాయి గది, మొగుడికి బాలానగర్ వర్క్‌షాపులో పని పోయి ఇల్లంతా ఆమె జీతం మీదే నడుస్తోంది.

"మీవాళ్ళే ఇక్కడ తిని పారేస్తున్నారు," అన్నాడు మేనేజర్.

"బాత్రూంల కూసొని బువ్వ తింటనా సారూ?" అంది యాదమ్మ. "నన్ను ఏమనుకుంటున్నవ్? నేను మనిషిని కానా?"

ఆయన వినలేదు. పాస్ తీసుకుని గేటు బయట కూర్చోబెట్టాడు. పెద్దలు వచ్చిపోయాక పూర్తిగా పంపించేస్తానన్నాడు.

మర్నాడు ఆ డ్యూటీ నేనే చేశాను. మధ్యాహ్నం భోజనాలు అయ్యాక బుట్టలో కవరు ఎత్తితే చెయ్యి లాగింది. విప్పి చూశాను. టిష్యూ మూటలు, ఒకదాని మీద ఒకటి. పెరుగన్నం, బిర్యానీ, కొరకని గులాబ్‌జామ్. యాదమ్మ గేటు బయట ఉంది, తిండి మాత్రం వస్తూనే ఉంది.

సుష్మను పిలిచి చూపించాను. ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "డబ్బా దగ్గర సిగ్గేసి ఇక్కడ దాస్తున్నారండీ..." అని గోడకు ఆనుకుంది.

"రేపు వచ్చెటోళ్ళకు ఇది చూపిస్తె మీ మార్కులు పోతయ్. చూపకపోతె యాదమ్మ కొలువు పోతది. నువ్వే జెప్పు," అన్నాను. ఆ పిల్ల తోటివాడొకడు, అంతా అయ్యాక చెబుదామన్నాడు. సుష్మ ఆ మూటలు మళ్ళీ కవర్లో కట్టి నా చేతికిచ్చింది. ఇక నేను అడగలేదు.

ఆ రోజు రానే వచ్చింది. నన్ను పొద్దున్నుంచీ క్యాంటీన్‌లోనే ఉండమన్నారు. డబ్బా తళతళలాడుతోంది, అడుగున రెండు మెతుకులు. మధ్యాహ్నం భోజనాలయ్యాక పెద్దలు వచ్చి చూసి చప్పట్లు కొట్టారు. అప్పుడు సుష్మ, "ఒక్క నిమిషం ఇటు రండి సార్," అని వాళ్ళను సామాన్ల లిఫ్టు దగ్గరికి నడిపించింది. నేనూ వెనకే వెళ్ళి ఉలిక్కిపడ్డాను. పొద్దున్నే ఆ పిల్లలు బాత్రూము బుట్టల్లో నల్ల కవర్లు తీసేసి తెల్లవి, లోపల కనిపించేవి వేశారట. నాక్కూడా చెప్పలేదు. అవన్నీ నిండి గోడ పొడవునా వరసగా ఉన్నాయి. ప్రతిదానిలో అన్నం.

మేనేజర్ మొహం పాలిపోయింది. "ఎక్కడివివి?"

"బాత్రూములవండి. ఆడవాళ్ళవి, మగవాళ్ళవి కూడానండి. మగవాళ్ళ వైపు యాదమ్మగారు ఎప్పుడూ వెళ్ళరండి. రెండు రోజులుగా ఆవిడ గేటు లోపలికే రాలేదండి." సుష్మ కాలేజీ సార్ల వైపు తిరిగింది. "మా డబ్బా పనిచేయలేదండి. తిండి చోటు మార్చుకుంది."

పెద్దల వెనక నిలబడ్డ ఒక ఉద్యోగిని చేతిలోని టిష్యూను గుప్పిట్లో నొక్కి పట్టుకుంది.

సాయంత్రానికి యాదమ్మ పాస్ తిరిగి వచ్చింది. లోపలికి వస్తూనే అడిగింది: "సారు తప్పయిందన్నడా అక్కా?"

"లే."

"అనడు తీ," అని చీపురు అందుకుంది.

పిల్లలకు మార్కులు తగ్గాయి. డబ్బా తీసేశారు. వాళ్ళు మళ్ళీ వచ్చి వడ్డించే చోట చిన్న గరిటెలు పెట్టించారు, కావాలంటే మళ్ళీ వేస్తామని చెప్పించారు. దానితో పారేయడం కొంత తగ్గింది, పూర్తిగా ఆగలేదు.

ఆ తర్వాత కొలువు దిగేదాకా నేను ఒక పద్ధతి తప్పలేదు. ఎవరైనా వచ్చి ఈ చోటు శుభ్రమైంది చూడమంటే, అక్కడ చూసేదాన్ని కాదు. ఆ చెత్త ఎటు పోయిందో, దాన్ని ఇప్పుడు ఎవరు ఎత్తుతున్నారో, నింద ఎవరి మీద పడిందో ముందు చూసేదాన్ని. మెచ్చుకోవడం ఆ తర్వాతే.