కుడిపక్క కమాన్ కట్ట

“ఏమయ్యా, నువ్వు మెకానిక్కువా, బాలసుబ్బయ్యన్నకు పానాలు అందిచ్చేటోడివా?”

సుబ్బరత్నమ్మ తన మొగుడు నరసింహులును నలుగురి ముందే అడిగేసింది. కువైట్‌లోని అల్ రాయ్ రిపేరు షెడ్డులో ఏళ్ల తరబడి బండ్ల కింద పడుకుని పనిచేసినవాడికి ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

అది 1990 ఆగస్టు. ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చి మూడు వారాలైంది. షెడ్డు యజమాని, అంటే వీళ్ల కఫీల్, సౌదీకి వెళ్లిపోయాడు. ఆయన వదిలేసిన పాత పికప్పే ఇప్పుడు దిక్కు. నరసింహులు దంపతులు, బాలసుబ్బయ్య, మిష్రిఫ్ ఇళ్లలో పనిచేసే రాజంపేట వైపు ఆడవాళ్లు అందులోనే బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ సరిహద్దు చేరాలి. దారిలో బండి చతికిలబడితే ఆ ఎడారిలో గుక్కెడు నీళ్లిచ్చేవాడుండడు.

కష్టకాలంలో మనుషులంతా అన్నదమ్ములవుతారని రాసేవాళ్లు ఆ షెడ్డుకొచ్చి చూడాల్సింది. నరసింహులు తమ్ముడు కాలేదు సరికదా, పాత కుళ్లు రెండింతలైంది. షెడ్డులో పెద్ద మెకానిక్కు బాలసుబ్బయ్యను పఠాన్లు సైతం ‘ఉస్తాద్’ అనేవారు. సుబ్బరత్నమ్మ కూర వండితే మంచి ముక్కలు ఆయన గిన్నెలో పడేవి. నరసింహులు ఆ ముక్కలు లెక్కపెట్టేవాడు.

బండి ముందుభాగం ఎడమవైపుకు ఒరిగి ఉంది. చక్రాల మీద బండి బరువు మోసేవి కమాన్ కట్టలు, అంటే ఒకదాని కింద ఒకటి పేర్చి బిగించిన వంపు ఇనప పట్టీలు. బాలసుబ్బయ్య ఒక్క చూపుతో తేల్చేశాడు.

“ఎడమ కమాన్ కట్ట వాలిపోయిందిరా. పోయినేడు కుడిపక్క ఏసినట్టే దీనికీ ఒక పట్టీ ఎక్కువేస్తే సరి.”

“ఏసేముందు ఇప్పి చూడొద్దా అన్నా?”

“ఇప్పేదేముందిరా, కండ్లకు కనపడతాలేదా?”

అందరూ నవ్వారు. సుబ్బరత్నమ్మ ప్రశ్న అప్పుడే వచ్చింది.

అల్ రాయ్ షెడ్లలో అదే వైద్యం. కమాన్ వాలితే కట్ట మార్చరు. ఇంకో పట్టీ దూర్చి బండిని నిలబెడతారు. కఫీల్‌కు ఖర్చు మిగులుతుంది, ఉస్తాద్‌కు పేరొస్తుంది.

మధ్యాహ్నం మిగతావాళ్లు రొట్టెల క్యూకు పోయాక నరసింహులు బండి దగ్గర చేరాడు. ప్రయాణికుల క్షేమం కోసం అనుకుంటే పొరపాటు. ఉస్తాద్‌ది తప్పని తేలితే చాలు, అతనికి అంతకు మించి కోరిక లేదు. చక్రం నడుమ నుంచి మడ్‌గార్డు అంచుదాకా రెండువైపులా జానలతో కొలిచాడు. ఎడమవైపు నాలుగు వేళ్లు తక్కువ. ఉస్తాద్ మాటే నిజం! కడుపు మండిపోయింది.

కుడిపక్కయినా ఏదో ఒకటి దొరక్కపోతుందా అని అటు పాకాడు. జాకీతో బండినెత్తి, మట్టి తుడిచి చూస్తే, కట్టను యాక్సిల్‌కు బిగించే యూ బోల్టుల దగ్గర పట్టీల సందులోంచి ఎర్రటి తుప్పుపొడి రాలుతోంది. ఇనుము కదిలి ఇనుమును రాసుకుంటే గానీ ఆ పొడి రాదు. బోల్టులు విప్పాడు. అన్నిటికన్నా పైనుండే మెయిన్ పట్టీ సగం దాకా పగిలి ఉంది. బాలసుబ్బయ్య దూర్చిన పట్టీ మోస్తోంది కాబట్టి ఆ వైపు ఎత్తుగా, నిండు ఆరోగ్యంగా కనిపిస్తోంది, అంతే. మనుషులెక్కాక ఒక్క గుంతలో పడితే అది విరిగి ముందు యాక్సిల్ పక్కకు జరుగుతుంది. ఇక స్టీరింగు ఎటు తిప్పినా ఒకటే.

నరసింహులుకు పండగైపోయింది. అందరూ వచ్చేదాకా ఆగి, పగిలిన పట్టీని బాలసుబ్బయ్య కాళ్ల దగ్గర ఠంగుమని పడేశాడు.

“అన్నా, నువ్వేసింది సుఖంగానే ఉండాది. దాని పైదే పోయింది.”

బాలసుబ్బయ్య పగులులో గోరు పెట్టి చూశాడు. “నిజమేరా. నేను సూసుకోలా. రెండుపక్కలా మార్చాల్సిందే. పా, సలాం దగ్గరికి పోదాం.”

కొట్లాటకు సిద్ధమైనవాడికి అంతకన్నా అన్యాయం ఏముంటుంది?

పక్క సందులో తుక్కుసామాను అమ్మే రాయచోటి అబ్దుల్ సలాం పాతవే అయినా గట్టి కట్టలు రెండిచ్చాడు. పన్నెండు దీనార్లు, అప్పు. “ఊరికి పోయినాక మా ఇంట్లో ఇయ్యండి. యల్లా, ఇంక కానీయండి” అన్నాడు. ఇద్దరూ కలిసి బిగించారు. బండి సరిహద్దు దాకా తిన్నగా పోయింది. దిగగానే ఆడవాళ్లు బాలసుబ్బయ్యకు దణ్ణాలు పెట్టారు.

“నాదేముందమ్మా, కనిపెట్టింది నరసింహులు” అన్నాడాయన.

“ఎంత పెద్దమనసో చూడు!” అంది సుబ్బరత్నమ్మ, మొగుడి వైపు తిరిగి.

ఊరు చేరాక సలాం ఇంటినుంచి మనిషి వచ్చాడు. “దణ్ణాలు నీకు పెట్టినారు గదన్నా, దుడ్లూ నువ్వే కట్టు” అన్నాడు నరసింహులు. “కనిపెట్టినోడివి నువ్వు గదరా” అన్నాడు బాలసుబ్బయ్య. అబ్దుల్ సలాంకు ఆ పన్నెండు దీనార్లు ఇంకా రావాలి.