దారిలో ఉన్న ఎర్ర పెట్టె

మా హర్కజీత్ అన్న నోట 'పోయింది' అన్న మాట రాదు. రాని సామాను కోసం జనం వచ్చి ఏడ్చే బల్ల వెనక, కాఠ్మండూ విమానాశ్రయంలో ఆయన ఉద్యోగం. పక్క కుర్చీ నాది. ఏది పోయినా సరే, ఆయన లెక్కలో అది 'దారిలో ఉంది'.

ముందు పన్ను ఊడొస్తే "పన్నేదన్నా?" అని అడిగాను. దారిలో ఉందన్నాడు. నెత్తి మీద వెంట్రుకలూ దారిలోనే ఉన్నాయి. ప్రమోషనైతే ఆయన చేరిన నాటి నుంచీ దారిలోనే ఉంది. ఓసారి కరెంటు పోతే ఇంట్లో ఇదే మాటన్నాడట. వాళ్లావిడ చీకట్లోనే గరిటె విసిరింది. గరిటె మాత్రం దారి తప్పకుండా వచ్చిందని ఆయనే చెప్పి నవ్వాడు.

మా కంపెనీకి నవ్వు తెలీదు. కువైట్ నుంచి వచ్చే మనిషి మధ్యలో విమానం మారాలి. మొదటిది వేరే కంపెనీది, రెండోది మాది. టికెట్టు ఒక్కటే, పెట్టెకి కట్టిన చీటీ ఒక్కటే. పెట్టె రాకపోతే మాత్రం మేం ఇద్దరం. అప్పజెప్పేశామని వాళ్లు, అందనే లేదని మేము. ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందని సామెత. చివర దింపిన కంపెనీ జవాబు చెప్పి తీరాలని మా నిబంధనల పుస్తకంలోనే ఉంది. ఎత్తు చాలక ఆ పుస్తకాన్ని మా మేనేజరు కుర్చీలో వేసుకుని కూర్చునేవాడు.

ఫూల్‌మాయా తామాంగ్ అలా మా రెండు కంపెనీల మధ్య పడింది. కువైట్‌లో ఎవరింట్లోనో ఏళ్ల తరబడి చాకిరీ చేసి, సింధుపాల్చోక్ కొండ జిల్లాలో తన ఊరికి తిరిగొస్తోంది. సామాను తిరిగే బెల్టు మీద పులిబొమ్మ దుప్పట్ల మూటలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఆమె పెట్టె రాలేదు. బయట గేటు దగ్గర అత్తగారు బంతిపూల దండతో నిలబడి ఉంది.

పోయిందని ఒప్పుకుని సంతకం పెడితే బరువు లెక్కన ఏదో ఇస్తామన్నాడు మేనేజరు. సంతకం పడ్డాక ఇంకెవరూ వెతకరు. ఆ ఇచ్చేది ఎంత తీరిగ్గా ఇస్తారో నాకు తెలుసు. ఆమె కలం అందుకోబోతుంటే హర్కజీత్ అన్న దాన్ని తీసి తన చెవి వెనక పెట్టుకున్నాడు.

"పోవడమేంటి సార్? దారిలో ఉంది."

"ఏ దారిలో?"

"మనం ఇంకా వెతకని దారిలో."

ఫూల్‌మాయా ఒట్టి చేతులతో ఊరికి వెళ్లింది. ఊరు ఊరుకుంటుందా? అన్నేళ్లుండి ఏం తెచ్చింది, అసలక్కడేం చేసింది అని గుసగుసలు మొదలయ్యాయి. కొన్నాళ్లకి అత్తగారు బస్సెక్కి నేరుగా మా బల్ల దగ్గరికే వచ్చింది.

"నిజం చెప్పు బాబూ. మా కోడలికి అసలు పెట్టె ఉందా?"

"లేకపోవడమేంటమ్మా? ఎర్ర పెట్టె, పసుపు తాడు. మీకోసం పులిబొమ్మ దుప్పటి కూడా ఉంది. దారిలో ఉంది."

ముసలమ్మ మొహం కాస్త తేటపడింది. తర్వాత నెలనెలా రావడం మొదలుపెట్టింది. వచ్చినప్పుడల్లా హర్కజీత్ అన్న పెట్టెలో ఇంకో వస్తువు వేసేవాడు. ఓసారి ఉన్ని శాలువా, ఓసారి టార్చిలైటు, ఇంకోసారి ప్రెషర్ కుక్కరు. పెట్టె రాకుండానే లావెక్కుతోంది. నాకు ఒళ్లు మండింది. ఆ ముసలామెతో ఈ పరాచికాలేంటని పక్కకి లాగి దులిపేశాను.

"పోయిందంటే, అసలుందా అని అడుగుతారు," అన్నాడాయన. "దారిలో ఉందంటే, ఏం రంగు అని అడుగుతారు. ఆ పిల్ల ఆ ఊళ్లో బతకాలి కదరా."

సిగ్గుపడాల్సిన కంపెనీలు రెండూ హాయిగానే ఉన్నాయి. తప్పు మీదంటే మీదని ఇప్పటికీ ప్రేమికుల్లా ఉత్తరాలు రాసుకుంటున్నాయి. పెట్టె ఇవాళ్టికీ రాలేదు.

చలికాలం ముందు ముసలమ్మ మళ్లీ వచ్చింది. ఎండబెట్టిన ఆకుకూర మూట ఒకటి బల్ల మీద పెట్టింది.

"ఆ పెట్టె రాదని నాకెప్పుడో తెలుసు బాబూ. ఏ పెట్టెలోనూ అన్ని పట్టవు."

"మరెందుకొస్తున్నారమ్మా?" అన్నాను నేను.

"నేను రాకపోతే ఊళ్లో ఏం చెప్పను? ఈసారి పెట్టెలో ఇంకేముందట అని అందరూ మా అరుగు మీదే కూర్చుంటున్నారు. కోడల్ని ఒక్కరూ ఒక్క మాట అనడం లేదు." హర్కజీత్ అన్న వైపు వంగి గొంతు తగ్గించింది. "ఈసారి కుట్టుమిషను వెయ్యి. ఎదురింటిదాని నోరు పడిపోవాలి."

హర్కజీత్ అన్న నోరు తెరిచాడు, మూశాడు.

"మాట పోయిందా అన్నా?" అన్నాను.

"దారిలో ఉంది," అని గొణిగి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని ముసలమ్మ వైపు తిరిగాడు.

"చేత్తో తిప్పేదా అమ్మా, కాలితో తొక్కేదా?"