కుదరదమ్మ తీసేసిన అనుమతి

ఆ ఆసుపత్రిలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎప్పుడో తగ్గిపోయారు. కుదరదమ్మ అంటేనే అందరికీ తెలుస్తుంది. అయిదడుగులైనా లేని మనిషి. మెడలో కళ్ళజోడు తాడు, చేతిలో ఎప్పుడూ ఒక మెత్తటి గుడ్డముక్క. కంప్యూటరు మీద దుమ్ము కనబడితే చంటిబిడ్డ మూతి తుడిచినట్టు తుడుస్తుంది. ఎంత పెద్ద డాక్టరు వచ్చి ఏ తలుపు తెరిపించమన్నా, ఏ కాగితం చూపించమన్నా, ముందు ఆమె నోట వచ్చే మాట ఒకటే: "కుదరదు." ఆ తరవాత మూడు ప్రశ్నలు. ఎవరికి? ఎందుకు? ఎప్పటిదాకా? మూడింటికీ జవాబు సరిగ్గా ఉంటే అనుమతి ఇస్తుంది. నీళ్ళు నమిలారో, వచ్చిన దారినే వెళ్ళాలి.

ఆమె భర్త దర్జీ. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ కొలతలు తీసుకుంటూ ఇదే కథ చెబుతాడు.

"మా ఇంట్లో రెండో కప్పు కాఫీ కావాలంటే అర్జీ పెట్టుకోవాలండీ. ఎవరికి, ఎందుకు, ఎప్పటిదాకా!"

"తాగేది మీరు, రాత్రంతా మీ దొర్లుడు భరించేది నేను. కుదరదు" అంటుంది ఆమె లోపలినుంచి.

ఆమె పదో తరగతి గట్టెక్కలేదు. ఇరవై రెండో ఏట ఆసుపత్రి దుప్పట్ల గదిలో చేరింది. వార్డు నుంచి మనిషి వస్తే సంతకం పెట్టించుకుని దుప్పటి ఇవ్వడం, మాసినది వెనక్కి తీసుకోవడం, అంతే పని. ముప్పై ఎనిమిదో ఏట ఆ దుప్పట్ల పుస్తకం కంప్యూటరెక్కింది. తోటివాళ్ళు పాముబుట్టను చూసినట్టు దూరంగా నిలబడితే, ఆమె కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. నెల తిరగకుండానే, మూడేళ్ళ కిందట ఉద్యోగం మానేసిన ఒకడి పేరు మీద వారం వారం దుప్పట్లు వెళ్ళిపోతున్నాయని పట్టుకుంది. "మనిషి పోయినా పేరు మాత్రం పనిలోకి వస్తోందండీ" అని పైవాళ్ళకు చెప్పింది. పైవాళ్ళు దుప్పట్లను వదిలేసి ఆమెను పట్టుకున్నారు. తీసుకెళ్ళి కంప్యూటర్ల విభాగంలో కూర్చోబెట్టారు.

అక్కడ ఆమెకు పని నేర్పింది యంత్రాల విభాగం పెద్ద. ఆసుపత్రంతా ఆయన్ని మిషన్లాయన అంటారు. భారీ మనిషి, బుర్రమీసాలు, జేబులో ఎప్పుడూ చాక్లెట్లు. మొదటి రోజు ఆయన చెప్పిన మాటలు ఆమెకు ఈ నాటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"ఇక్కడ మిషన్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయమ్మా. పాలగదిలో ఫ్రీజరు ఉందా, తన లోపల చలి ఎంతుందో నిమిషానికోసారి కేంద్రానికి, అంటే మన పెద్ద కంప్యూటరుకి, చెబుతుంది. చెప్పేది ఆ ఫ్రీజరేనని కేంద్రానికి ఎలా తెలియాలి?"

"గొంతు గుర్తుపడుతుందా?"

"సర్టిఫికెట్ చూపిస్తుంది. కేంద్రం కూడా తన సర్టిఫికెట్ దానికి చూపించాలి. ఇద్దరికీ నమ్మకం కుదిరాకే మాట."

"నిమిషానికోసారా!"

"నిమిషానికోసారే. మనం తిన్నా, పడుకున్నా."

ఆ రోజు ఆమె ఇంటికి వెళ్ళి భోజనం మధ్యలో చెయ్యి ఆపేసింది. ఇన్నేళ్ళ కాపురంలో మొగుణ్ణి ఒక్కసారి నమ్మింది, అది సరిపోయింది. ఈ ఇనపపెట్టెలు నిమిషానికోసారి ఒకదాన్నొకటి "నువ్వెవరు" అని అడుగుతాయట. అడిగించుకున్నది నొచ్చుకోదట. అడిగినది బెట్టు చేయదట.

ఆ సర్టిఫికెట్లు బయట ఎవరికీ పనికిరావు. ఇంట్లో పెట్టుకున్న ముద్దుపేరు లాంటివి: ఇంట్లో పిలిస్తే పలుకుతారు, బజారులో ఎవరికీ తెలియదు. వాటిని తయారుచేసి ఇచ్చేది ఆసుపత్రిలో ఉండదు. క్లౌడ్‌లో ఉంటుంది. పేరు మబ్బే గాని, అది ఎక్కడో ఊరవతల కిటికీల్లేని భవనాల్లో వరసగా పేర్చిన అద్దె కంప్యూటర్లు. అక్కడికి ఎవరు వెళ్ళి కొత్త సర్టిఫికెట్ అడగవచ్చో, ఎవరు తెచ్చుకోవచ్చో, ఎవరు ఊరికే చూసి రావచ్చో రాసిపెట్టే జాబితా కుదరదమ్మ చేతిలో ఉంటుంది. ఆ జాబితాకు ఒక కట్టుబాటు ఉంది. అనుమతి ఇవ్వాలంటే రెండు చేతులు కావాలి: ఆమె రాయాలి, మిషన్లాయన సరేననాలి. తీసేయాలంటే మాత్రం ఆమె ఒక్క చెయ్యి చాలు. ఆ ఒక్క చేతిని చూసుకుని ఆమెకు కాస్త గర్వం కూడాను.

"మాటిమాటికీ అడగలేకపోతున్నానమ్మా, మా వాళ్ళకి మొత్తం ఇచ్చేయరాదూ" అని మిషన్లాయన పదకొండేళ్ళుగా బతిమాలుతున్నాడు.

"ఇల్లు చూడ్డానికొచ్చినవాడికి బీరువా తాళం కూడా ఇస్తారా సార్? కుదరదు."

ఏటా ఒకసారి ఆమె జాబితా శుభ్రం చేస్తుంది. తొంభై రోజులుగా ఎవరూ వాడని అనుమతి కనబడితే తీసేస్తుంది. ఈసారి నాలుగు వందల వరసల్లో ఒకచోట మనిషి పేరు లేదు. పొడుగాటి అంకెలు, అక్షరాలు, అంతే. చివరిసారి వాడింది పదకొండు నెలల కిందట. ఎప్పుడో పని ముగించుకుని పోయినవాళ్ళ సామాను అనుకుంది. ఖాయమేనా అని తెర అడిగితే ఖాయమేనని నొక్కింది. జాబితా అద్దంలా ఉందని పైవాళ్ళు మెచ్చుకున్నారు కూడా.

మూడు వారాలు గడిచాయి. ఒక పొద్దున పది దాటి పది నిమిషాలకు పాలగది నర్సు ఫోను చేసింది.

ఆ పాలగది గురించి చెప్పాలి. తన బిడ్డ తాగగా ఇంకా పాలున్న తల్లులు అక్కడ పిండి ఇచ్చి వెళతారు. నెలలు నిండకుండా పుట్టి, అరచేతిలో పట్టేంత ఉన్న బిడ్డలకు, తల్లికి ఇంకా పాలు పడని బిడ్డలకు ఆ పాలు పోస్తారు. ఇచ్చిన తల్లి ఎవరో తాగిన బిడ్డకు తెలియదు. ఆరు ఫ్రీజర్ల నిండా చిన్న చిన్న సీసాలు.

"అమ్మా, ఒకటో ఫ్రీజరుకి ఎర్ర లైటు వెలుగుతోంది. లోపల చల్లగానే ఉంది. కేంద్రం మాత్రం దాని మాట తీసుకోవట్లేదు."

"ఎప్పటినుంచి?"

"సరిగ్గా పదినుంచి. పదకొండు దాటితే ఏం చెయ్యాలో మీకు తెలుసుగా."

తెలుసు. చలి లెక్క గంటసేపు తెగితే ఆ పాలు పారబోయాలి. పాడయ్యాయో లేదో ఎవరూ చెప్పలేరు గనక, బిడ్డలకు పోయరు. ఒకటో ఫ్రీజరులోనే నూట నలభై సీసాలు.

"పోనీ, నేను చూసి చేత్తో రాసి పెట్టనా?"

"కుదరదు" అంది ఆమె అలవాటుగా. అన్నాక గుర్తొచ్చింది. చేతిరాత చెల్లదని రూలు పెట్టించింది తనే. ఒకావిడ రాత్రంతా నిద్రపోయి, తెల్లారాక ఒక్కచోట కూర్చుని పన్నెండు గంటల లెక్కా ఊహించి రాసేసిందని తెలిసిన రోజున.

తెర మీద చూసింది. ఒకటో ఫ్రీజరు సర్టిఫికెట్ గడువు పది గంటలకు తీరిపోయింది. మిగిలిన అయిదింటికీ పన్నెండు లోపల తీరుతుంది. నిరుడు అన్నీ ఒకే పొద్దున, వరసగా చేయించినవి. గడువు తీరకముందే కొత్తవి తెచ్చిపెట్టే ప్రోగ్రాము ఒకటి క్లౌడ్‌లో ఉంది. అది ఎందుకు తేలేదు?

తేలేకపోయింది. మూడు వారాలుగా రోజుకు మూడుసార్లు వచ్చింది. తలుపు దగ్గర నిలబడి అడిగింది. ప్రతిసారీ ఒకటే జవాబు: అనుమతి లేదు. అరవైకి పైగా వరసలు, ఒకదాని కింద ఒకటి. ఆ పొడుగాటి అంకెలు, అక్షరాల పేరు ఆమె ఎరిగినదే. తన వేలితోనే తీసేసిన పేరు.

ఏడాదికోసారి పని ఉండేదానికి పదకొండు నెలల తీరిక ఉండదూ! ఎండాకాలంలో గొడుగు చూసి, దీన్ని ఎవరూ వాడట్లేదని పారేసినట్టయింది. హెచ్చరికలైనా రాలేదేమని వెతికింది. వచ్చాయి. రిటైరైన ఒకాయన పేరుమీది ఈమెయిల్ పెట్టెకు వెళ్ళాయి. ఆ పెట్టెను నిరుడు మూయించింది కూడా తనే, శుభ్రం చేసేటప్పుడు. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంటే ఇదే.

అంత కంగారులోనూ ఆమె కళ్ళు ఆ అరవై వరసల మీద నిలిచిపోయాయి. ఎన్నిసార్లు లేదనిపించుకున్నా అది అలగలేదు. తిట్టలేదు. మళ్ళీ వచ్చింది. ఈ ఉద్యోగంలో తను కుదరదన్న ఏ మనిషీ అలా రాలేదు.

అర్జీ తెరిచి గబగబా నింపింది. కారణం అన్న గడి దగ్గర వేలు ఆగింది. సాంకేతిక లోపం అని రాయవచ్చు. అందరూ అదే రాస్తారు, అలా రాసినవాళ్ళను ఆమె వంద సార్లు వెనక్కి పంపింది. చివరికి రాసింది: "దీన్ని పొరపాటున నేనే తీసేశాను." పంపించింది. పది ఇరవై. మిషన్లాయన సరేనన్నట్టు ఏమీ రాలేదు. ఫోను ఎత్తలేదు. ఆయన విభాగంలో అడిగితే సెలవన్నారు. పన్ను పీకించుకోవడానికి వెళ్ళాడట, రెండు వీధుల అవతల.

ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని వెనక గేటులోంచి బయటపడింది. చాకలిమిషన్ల ఆవిరి దాటి, మందుల దుకాణం దాటి, సైకిళ్ళ కొట్టు పక్కన ఇరుకు మెట్లెక్కింది. పైన బల్ల వెనక ఒక అమ్మాయి తల ఎత్తకుండానే అడిగింది.

"అపాయింట్‌మెంట్ ఉందా అండీ?"

"లేదు."

"అయితే కుదరదండీ."

ఆ మాట ఎదుటివాళ్ళ నోట వింటే ఎలా ఉంటుందో కుదరదమ్మకు ఆ రోజు తెలిసింది. ఊపిరి కూడదీసుకుంది. "ఎవరికంటే, లోపల కుర్చీలో ఉన్న మీసాలాయనకి. ఎందుకంటే, పసిపిల్లల పాలకోసం. ఎప్పటిదాకా అంటే, అయిదే అయిదు నిమిషాలు."

ఆ అమ్మాయి తల ఎత్తి చూసి, లేచి తలుపు తీసింది.

మిషన్లాయన వెల్లకిలా పడుకుని ఉన్నాడు. నోట్లో దూది, ఒక బుగ్గ బూరెలా ఉబ్బి, మీసం ఒక పక్కకు ఒరిగిపోయి. ఆమె మూడు ముక్కల్లో చెప్పింది. ఆయన ఫోను తీసి ముఖం ముందు పెట్టుకున్నాడు. ఫోను ఆయన్ని గుర్తుపట్టలేదు.

"దూది తియ్యడానికి వీల్లేదు" అంది పళ్ళడాక్టరమ్మ. "రక్తం ఆగాలి."

ఆయన రహస్య అంకెలు కొట్టి లోపలికి వెళ్ళాడు. అర్జీ చదివాడు. మళ్ళీ చదివాడు.

"నొక్కండి సార్! పది ముప్పై ఎనిమిది!"

ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఉ... అ... అదు."

అది కుదరదు అన్న మాటేనని ఆమెకు తెలిసింది. ఇన్నేళ్ళ కసీ ఇప్పుడు తీర్చుకుంటున్నాడా ఈ మహానుభావుడు? ఆయన చేత్తో కాగితం కావాలని సైగ చేశాడు. డాక్టరమ్మ మందులు రాసే చీటీ ఇచ్చింది. దాని మీద రెండే మాటలు రాసి ఆమె ముందు పెట్టాడు: "మొత్తం ఎందుకు?"

తెర వంక చూసుకుంది. హడావిడిలో ఆమె ఆ ప్రోగ్రాముకి అన్నీ రాసేసింది. సర్టిఫికెట్ ఇప్పించుకోవడం, తెచ్చుకోవడం, జాబితా చూడడం, వీటితో పాటు ఉన్నవాటిని రద్దు చేయడం, తయారుచేసే చోటునే మూసేయడం కూడా. తాళాల గుత్తి మొత్తం చేతిలో పెట్టేసింది. పదకొండేళ్ళుగా ఎవరికి ఇవ్వనని కూర్చుందో, ఆయనే వద్దంటున్నాడు.

"ఏమిటండీ గొడవ?" అంది డాక్టరమ్మ.

"గొడవేం లేదమ్మా. ఆయన చెప్పిందే సరి."

చక్రాల పీట లాక్కుని కూర్చుంది. ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని అన్నీ చెరిపేసి మూడే ఉంచింది. ఇప్పించుకోవడం, తెచ్చుకోవడం, చూడడం. మళ్ళీ పంపింది. ఆయన చదివాడు. చీటీ మీద ఇంకో మాట రాశాడు: "ఎప్పటిదాకా?"

"ఆ ఫ్రీజర్లు ఉన్నన్నాళ్ళూ సార్."

ఆయన నొక్కాడు.

ఇంకోసారి ప్రయత్నించమని ఆమె ఆ ప్రోగ్రాముకి చెప్పింది. చప్పుడు లేదు, మెరుపు లేదు. తెర మీద ఒక వరస చేరింది: ఇచ్చాము. రెండు నిమిషాలకు ఫోను మోగింది.

"అమ్మా! ఒకటోది పచ్చగా వెలిగింది!" నర్సు గొంతు వణికింది. "రెండోదానికీ కొత్తది వచ్చేసింది... మూడు... ఆగండి, ఆగండి... ఆరూ అమ్మా! ఆరూ వచ్చాయి!"

పది నలభై ఆరు. ఎక్కడో కిటికీల్లేని భవనంలో ఏదో ఆరు కొత్త పత్రాలు రాసింది. అవి ఎన్ని ఊళ్ళు దాటి వచ్చాయో, ఎవరి కంటా పడకుండా ఆరు ఫ్రీజర్లకు చేరాయి. ఇంతకీ ఆమె చేసిందల్లా అడ్డు తొలగడం. చేతులు గుండెల మీద పెట్టుకుని కూర్చుండిపోయింది. మిషన్లాయన చీటీ చివర ఉన్న కాస్త జాగాలో మూడో మాట రాసి చూపించాడు: "కారణం నిజం రాశారు. భలే. మరి ఇప్పుడు నా అర్జీలు?"

"మీవి ఇప్పుడూ కుదరవు" అంది ఆమె కళ్ళు తుడుచుకుంటూ. ఆయన నవ్వబోయి బుగ్గ పట్టుకున్నాడు.

మధ్యాహ్నం ఆమె ఇంకో అర్జీ రాసింది. ఇకమీదట తీసేయడానికి కూడా రెండు చేతులు కావాలని. తన ఒక్క చేతి అధికారం తనే వదులుకుంటూ రాసిన కాగితం చూసి పైవాళ్ళు తెల్లబోయారు.

సాయంత్రం ఇంటికి వెళ్ళేముందు పాలగది వైపు నడిచింది. పదకొండేళ్ళలో మొదటిసారి. అద్దాల తలుపు దగ్గర తన కార్డు పెడితే ఎర్రగా వెలిగింది. నర్సు లోపలినుంచి చూసి పరిగెత్తుకొచ్చి తలుపు సందు తీసింది.

"రండమ్మా లోపలికి, నేను తీస్తాగా!"

"వద్దమ్మాయ్. జాబితాలో నా పేరు లేదు."

"జాబితా రాసేది మీరేగా!"

"అందుకే లేదు. నువ్వు పని చూసుకో తల్లీ."

తలుపు మూసుకుంది. నర్సు ఒకటో ఫ్రీజరు తెరిచి ఒక చిన్న సీసా తీసింది. గోరువెచ్చటి నీళ్ళలో కరగబెట్టి, సిరంజిలోకి తీసుకుని, అద్దాల్లోంచి కనబడే పక్క గదిలో గాజుపెట్టె దగ్గరికి వెళ్ళింది. ఆ పెట్టెలో బిడ్డ పిడికిలి కుదరదమ్మ బొటనవేలి గోరంత ఉంది. సన్నటి గొట్టంలోంచి పాలు ఒక్కో చుక్కే దిగుతున్నాయి. ఇటు ఫ్రీజరు మీద పచ్చ దీపం ఒకసారి మినుకుమంది. నేను ఫలానా అని చెప్పింది, నమ్మించింది, చలి లెక్క చెప్పింది. నిమిషం గడిచింది. మళ్ళీ మినుకుమంది. చేతిలోని గుడ్డముక్కతో అద్దం మీద తన ఊపిరి ఆవిరిని తుడుచుకుంటూ, సిరంజి ఖాళీ అయ్యేదాకా కుదరదమ్మ అక్కడే నిలబడింది.