మామ ముంతలో ఫ్రాన్సు ద్రాక్షసారా

నందికొండ ఆనకట్ట పనిలో ఓవర్సీరుగా చేరిన ఏడాదికి నాకు క్యాంపులో ఇల్లు దొరికింది. కాన్పుకు పుట్టింటికి వెళ్లిన నా భార్య యాదమ్మను, పాపను తెచ్చుకోవాలని ఎంతో ఆశపడ్డాను. కానీ "రాళ్లు పేల్చే జాగాకు బిడ్డను పంపేది లేదు" అని మామ తెగేసి చెప్పాడు. అందుకే, స్వదేశానికి వెళ్తూ ఒక ఫ్రెంచి ఇంజనీరు ఇచ్చిన ఎర్ర ద్రాక్షసారా సీసాను సంచిలో పెట్టుకుని బయల్దేరాను. సిరా అనే నల్లద్రాక్షతో చేసిన మేలురకమట. కల్లు రుచి చూసి చెట్టు పేరు చెప్పే మామ దీనికి కరగకపోతాడా అనుకున్నాను.

తెల్లవారుజామున సిమెంటు దించిన ఖాళీ లారీ ఎక్కితే దేవరకొండ చేరవచ్చు. డ్రైవరుకు చాయ్ తాగిస్తే చాలు. అక్కడ తొమ్మిదింటికి డిండి మీదుగా కల్వకుర్తి బస్సు ఉంది, టికెట్టు రూపాయిలోపే. గతుకుల భయానికి సంచిని ఒళ్లో పెట్టుకున్నాను.

"ఏముంది సార్ అండ్ల, గంత భద్రం?" అన్నాడు కండక్టరు.

"మా ఇంటామె" అన్నాను. బస్సంతా గొల్లుమంది.

కల్వకుర్తి నుంచి ఎడ్లబండిలో మధ్యాహ్నానికి ఊరు చేరాను. మామ గొర్రెలను నీడకు తోలి అప్పుడే కూర్చున్నాడు. బిరడా ఊడిరాక కర్రతో లోపలికే తోసి, ఆయన ముంతలోకి ఒంపాను.

"ఎప్పటిది గిది?"

"ఏడేండ్ల కిందటిది మామ."

ఆయన ముఖం మాడిపోయింది. పొద్దున దించిన కల్లు సాయంత్రానికి పులిస్తేనే పారబోసే మనిషి. ఒక్క గుక్క తాగి ఉమ్మేశాడు. "ఒట్టి వగరు! పాడైన కల్లు తెచ్చి నా బిడ్డను అడుగుతవా అల్లుడా?"

ముంతను గోడవార పెట్టేశాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ. గంట తర్వాత యాదమ్మ నిప్పుల మీద కాల్చిన మాంసం వడ్డించింది. తింటుంటే కారం మండి, మామ చేతికందిన ఆ ముంతనే ఎత్తాడు. ఆగాడు. మళ్లీ తాగాడు.

"నేరేడు పండు... ఎనుక మిరియం... జర పొగ. గిందాక గిట్ల లేదే!"

నేనూ రుచి చూశాను. వగరు మెత్తబడి, నల్లపండ్ల కమ్మదనం నాలుక నిండా పరుచుకుంది. మింగాక కూడా మిరియపు వెచ్చదనం గొంతులో నిలిచింది.

"గంట గాలి తగిలితే దాని తీరే మారింది, చూసినవా బాపు?" అంది యాదమ్మ. "నందికొండను ఒక్కదినం గూడ సూడకనే వద్దంటివి. నేను పోయి, ఉండి చెప్త."

మామ ముంత ఖాళీ చేసి కింద పెట్టాడు. "పో బిడ్డ. నేను గూడ వస్త."

తిరుగు బస్సులో పాపతో కలిపి నలుగురం. సంతోషం పట్టలేకపోయాను. యాదమ్మ నోరు విప్పకపోతే ఎంత మేలురకం సారా అయినా నన్ను గట్టెక్కించేది కాదు. ఇలాంటి సీసాతో అత్తారింటికి వెళ్లేవారు భోజనానికి గంట ముందే ముంతలోకి ఒంపిపెట్టండి. ఎన్నేళ్లదో మాత్రం ముంత ఖాళీ అయ్యాకే చెప్పండి.